జోకులు అయిపోయిన వారం

సోమవారం ఉదయం పార్కులో ఆరుగురు గుండ్రంగా నిలబడ్డారు. డ్రిల్లు మాస్టారు ఈల ఊదాడు. జోకు మొదలుపెట్టవచ్చని దాని అర్థం. మళ్ళీ ఊదితే నవ్వు ఆపి ఊపిరి పీల్చుకోవాలి.

ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలను ఎండలో నిలబెట్టి చేతులు పైకీ కిందికీ ఎత్తించిన మనిషి ఆయన. గుండెనొప్పి వచ్చి తగ్గాక నడకకు వస్తున్నాడు. నవ్వితే ఊపిరితిత్తుల అడుగున పేరుకున్న గాలి కూడా బయటికి పోతుందని ఎక్కడో చదివి, మూడు వారాల కిందట పార్కులో నడిచేవాళ్ళను ఒక్కొక్కరినే ఆపి బతిమాలాడు. పాతికమందిని అడిగితే ఐదుగురు ఆగారు. వాళ్ళలో పళ్ళమ్మ ఒకతె.

ఆ పేరు ఆమెకు ఇక్కడే వచ్చింది. ఎవరేం చేస్తారని మొదటిరోజు మాస్టారు అడిగినప్పుడు "పళ్ళు" అంది. టైలరక్క వెంటనే "డజను ఎంతకిస్తారు?" అంది.

"డజను లెక్కన ఇవ్వనండీ. పైన పద్నాలుగు, కింద పద్నాలుగు. మొత్తం ఒకేసారి పెట్టించుకోవాలి."

పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేసే మనిషని అర్థం కావడానికి అందరికీ కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మాస్టారు రెండుసార్లు ఈల ఊదినా ఎవరూ ఆగలేదు.

అలాంటివన్నీ మొదటి వారంలోనే ఖర్చయిపోయాయి. రెండో వారం భార్యల మీద పడ్డారు. టైలరక్క ఊరుకోకుండా భర్తల మీద నాలుగు వదిలింది. మూడో వారం నత్తివాళ్ళు, చెవిటివాళ్ళు, లావుపాటివాళ్ళు, బట్టతలవాళ్ళు వరసగా వచ్చారు. బట్టతల జోకుకు అందరికంటే గట్టిగా నవ్విన పోస్టుమాస్టరు మర్నాటి నుంచీ టోపీ పెట్టుకుని వస్తున్నాడు.

జోకులు ఎక్కువగా తెచ్చేది కండక్టరే. రిటైరై ఐదేళ్ళయినా బస్సులో ఉన్నట్టే ఒక కాలు ముందుకు వేసి, దేనికో ఆనుకున్నట్టు నిలబడతాడు. ఆ రోజు ఆయన గొంతు సవరించుకుని, వదులైపోయిన పై పళ్ళ సెట్టును బొటనవేలితో ఒకసారి పైకి నొక్కుకున్నాడు.

"మా బస్సులో ఒకావిడ ఎక్కింది. మూతి ఇదిగో, ఇలా కుడికి తిరిగిపోయింది. ఎక్కడికమ్మా అన్నాను. ఏదో అంది, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. సరే, మూతి ఎటు చూపిస్తే అటే కదా వెళ్ళాల్సిందని కుడివైపు ఊరికి టికెట్టు కొట్టిచ్చాను. దిగేటప్పుడు ఒకటే ఏడుపు. ఏమైందమ్మా అంటే, మా ఊరు ఎడమవైపు బాబూ, మూతి ఒక్కటే ఇటొచ్చింది అంది."

ఆయన మూతి తిప్పి చూపించిన తీరుకు అందరికీ ఒక్కసారిగా నవ్వు వచ్చింది. పళ్ళమ్మకూ వచ్చింది. అలవాటుగా చెయ్యి ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి చూసే టైలరక్క నవ్వడం మానేసింది. తర్వాత పోస్టుమాస్టరు మానేశాడు. బ్యాంకు గుమాస్తా తల వంచుకుని బూటు లేసు చూసుకున్నాడు. చివరికి పళ్ళమ్మ నవ్వు ఒక్కటే మిగిలింది. దాన్ని ఎక్కడ ఆపాలో ఆమెకు తెలియలేదు.

ఆమె ఎడమ చెంప నాలుగు నెలలుగా కదలడం లేదు. ఒకరోజు పొద్దున్నే పుక్కిలించబోతే నీళ్ళు ఒక పక్కనుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే ముఖంలో సగం ఎవరిదో పరాయిదిలా ఉంది.

మాస్టారు రెండో ఈల ఊదలేదు. కండక్టరు పాత అలవాటుతో నవ్వుల కోసం చుట్టూ చూసి, చూపు ఆమె దగ్గరికి రాగానే పక్కకు తిప్పేసుకున్నాడు.

"నాకు పనికి టైమైంది" అని పళ్ళమ్మ చెప్పులు వేసుకుంది. ఆరున్నర కూడా కాలేదని అందరికీ తెలుసు.

*

మంగళవారం ఆమె పార్కుకు వెళ్ళలేదు. బస్సు డ్రైవరైన భర్త తెల్లవారకముందే డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆమె కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని ముఖం కసరత్తు మొదలుపెట్టింది.

కనుబొమలు ఎత్తాలి. కళ్ళు గట్టిగా మూయాలి. బుగ్గలు పూరించి గాలి పట్టి ఉంచాలి. "ఈ" అంటూ పెదవులు సాగదీయాలి, "ఊ" అంటూ ముందుకు తేవాలి. ఒక్కొక్కటి ఇరవైసార్లు. ఫిజియోథెరపీ అమ్మాయి అద్దం ముందు చేయమంది. కానీ అద్దంలో సగం ముఖం పని చేస్తూ, సగం ఊరికే కూర్చుని ఉండడం చూస్తే ఆమె పదోసారికే ఆపేస్తుంది. ఆ సంగతి కనిపెట్టి రెండో వారం నుంచే అత్తగారు అద్దాన్ని గోడకు తిప్పేసి, ఆ స్థానంలో తానే ఎదురుగా కూర్చుంటోంది.

డెబ్భై ఆరేళ్ళ ఆ ముసలావిడ నోట్లో ఒక్క పన్నూ ఊడలేదు. కోడలికి తనవల్ల ఏ ఉపయోగమూ లేదని అందరితో గర్వంగా చెప్పుకుంటుంది.

"ఏమే, ఇవాళ పార్కు లేదా?"

"మానేశానత్తయ్యా."

"ఎందుకు?"

పళ్ళమ్మ జోకు చెప్పింది. కండక్టరు చెప్పినంత బాగా చెప్పలేకపోయింది.

"ఆడికి నోరుంది కానీ కళ్ళు లేవు" అని అత్తగారు తేల్చింది. "సరే, ఈ అను."

"ఈ..."

అత్తగారు కూడా "ఈ" అంది. ఆవిడ కసరత్తు చేస్తే సగంలో ఆపదు. మెడనరాలు తేలేదాకా, చెవులు వెనక్కి పోయేదాకా చేస్తుంది. ఇద్దరూ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని "ఈ, ఊ, ఈ, ఊ" అంటుంటే పదహారోసారికి అత్తగారి గొంతులో ఏదో కలిసింది. పదిహేడోసారికి పళ్ళమ్మ గొంతులోనూ కలిసింది. "ఊ" అనడానికి పెదవులు ముందుకు తేబోయి ఇద్దరూ తేలేకపోయారు. ముసలావిడ తొడమీద చరుచుకుంటూ వెనక్కి వాలింది. పళ్ళమ్మ కుర్చీ అంచు పట్టుకుని ముందుకు వంగిపోయింది. కళ్ళనీళ్ళు తుడుచుకునేటప్పటికి పొయ్యిమీద టీ పొంగి కారిపోయింది.

"ఎందుకు నవ్వావే?" అంది అత్తగారు ఆయాసపడుతూ.

"మీరు నవ్వారని."

"మరి నేనెందుకు నవ్వాను?"

"నాకేం తెలుసు?"

ఆవిడ నిజంగానే ఆలోచించింది. "నాకూ తెలీదు" అని లేచి, పొయ్యి తుడవడానికి గుడ్డ వెతుక్కుంది.

బుధవారం సాయంత్రం డ్రిల్లు మాస్టారు ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కుర్చీ అంచున, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. చేతిలో ఒక కాగితం ఉంది.

"రూలు పెట్టానమ్మాయ్" అన్నాడు. "మనిషి ఒంటి మీద జోకు వద్దు. పెళ్ళాం మీద, మొగుడి మీద వద్దు. నత్తి, చెవుడు, లావు, పొట్టి ఏదీ వద్దు. పోస్టుమాస్టరు అడిగాడని బట్టతల కూడా చేర్చాను. ఇవన్నీ తీసేసి లెక్క చూస్తే ఒక్క జోకు మిగిలింది."

"ఏమిటది?"

"నీదే. డజను పళ్ళది. అది అందరికీ కంఠతా వచ్చేసింది."

ఆమె టీ ఇచ్చింది. ఆయన కప్పు అందుకున్నాడు గానీ తాగలేదు.

"రెండు రోజులుగా నిలబడుతున్నాం, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం, వెళ్ళిపోతున్నాం. కండక్టరు అసలు రావడమే లేదు. సోమవారం నేను అక్కడికక్కడే ఆపాల్సింది. ఈల నా నోట్లోనే ఉంది. ఊదలేదు. నాకూ నవ్వొచ్చింది మరి. ఆ మాట నీకు చెప్పి పోదామని వచ్చాను."

ఒకప్పుడు బడి మొత్తాన్ని వణికించిన మనిషి తన ఇంట్లో కూర్చుని తప్పు ఒప్పుకుంటుంటే పళ్ళమ్మ ఎటు చూడాలో తెలియక టీ కప్పు వైపు చూసింది.

"చల్లారిపోతోంది మాస్టారూ, తాగండి" అంది.

*

క్లినిక్కులో ఆమె గది వెనకవైపు ఉంది. కిటికీ కింద పొడుగాటి బల్ల. దానిమీద స్పిరిటు దీపం, మైనం కత్తులు, ప్లాస్టరుతో పోత పోసిన దవడలు. గోడకు ముందుగదిలోకి చిన్న కంత ఉంది. డాక్టరు అచ్చులు ఇటు అందిస్తాడు, ఆమె పళ్ళు అటు అందిస్తుంది.

ముందు ఇలా ఉండేది కాదు. మైనంలో పళ్ళు కుదిర్చాక, గట్టి సెట్టుగా మార్చేముందు వాటిని పేషంటు నోట్లో పెట్టి చూడాలి. ఆ పని చేసేటప్పుడు ఆమె కుర్చీ పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది. నవ్వు ఎంత పైకి లేస్తోంది, మధ్యగీత ముక్కుకు సూటిగా ఉందా, పెదవి కింద ఎన్ని పళ్ళు కనిపిస్తున్నాయి, అన్నీ తన కళ్ళతోనే చూసి మైనం మీద గుర్తు పెట్టుకునేది. నాలుగు నెలల కిందట డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. "మీరు కొన్నాళ్ళు లోపలే ఉండండి మేడమ్. పళ్ళు పెట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు మిమ్మల్ని చూసి కంగారుపడతారు. మీక్కూడా విశ్రాంతి." అది నిజమే కావచ్చని ఆమెకూ అనిపించింది. అందువల్లే మరింత గట్టిగా తగిలింది.

గురువారం పదకొండింటికి పదిహేడో నంబరు సెట్టు రెండోసారి తిరిగివచ్చింది.

"పై పళ్ళు అసలు కనపడటం లేదండీ" అన్నాడు డాక్టరు కంతలోంచి.

"పొద్దున మరీ ఎక్కువ కనపడుతున్నాయన్నారు కదా. అందుకే ఎత్తాను."

"అప్పుడు ఎక్కువే ఉన్నాయి. ఇప్పుడు తక్కువున్నాయి. ఆయన ఒక్కోసారి ఒక్కోలా నవ్వుతున్నాడు."

ఆమె కత్తి దీపం మీద వేడిచేసి, ముందు నాలుగు పళ్ళ చుట్టూ మైనం కరిగించి వెంట్రుకవాసి కిందికి దించింది. కంతలోంచి అందించి, పక్కనే నిలబడి చెవి ఒగ్గింది.

"నవ్వండి" అంటున్నాడు డాక్టరు. "అలా కాదు, మామూలుగా నవ్వండి."

"మామూలుగా అంటే ఎట్లా బాబూ? ఏదైనా చెప్పు, నవ్వుతాను."

ఆ గొంతును ఆమె వెంటనే గుర్తుపట్టింది. వారం రోజులుగా తన బల్లమీద ఉన్న దవడ ఎవరిదో ఇప్పుడు తెలిసింది. ఎడమవైపు ఎముక అరిగిపోయి, పాత సెట్టు రాసుకుని రాసుకుని మధ్యలో గాడి పడిన దవడ అది. అంత అరిగిన దవడమీద సెట్టు నిలవదు. ఆ మనిషి ఏళ్ళ తరబడి పళ్ళు జారకుండా నాలుకతో ఆపుకుంటూ మాట్లాడి ఉంటాడని ఆ అచ్చు చూసినప్పుడే ఆమె అనుకుంది.

"నాకు జోకులు రావండీ. పెదాలు తెరవండి చాలు" అన్నాడు డాక్టరు.

కండక్టరు గొంతు మెల్లగా వినిపించింది. "వద్దులే బాబూ. ఎట్లా ఉంటే అట్లా చేసెయ్. ఎవరు చూస్తారు నన్ను."

ఎట్లా ఉంటే అట్లా చేస్తే ఆ పళ్ళు ఆరు నెలల్లో సొరుగులోకి పోతాయి. అలా పోయిన సెట్లను ఆమె చాలా చూసింది. చేతులూ కత్తీ కడుక్కుని, స్టూలు ఎత్తుకుని ముందుగదిలోకి వెళ్ళింది. డాక్టరు ఏదో అనబోయేలోగా ఆమె స్టూలు కుర్చీ పక్కన వేసి కూర్చుంది.

కండక్టరు ఆమెను చూశాడు. మైనం పళ్ళతో నోరు సగం తెరుచుకునే ఉంది. మూయబోయి, మూస్తే మైనం నలుగుతుందని గుర్తొచ్చి అలాగే ఉండిపోయాడు. చూపు మాత్రం దించుకున్నాడు.

"కండక్టరుగారూ, నవ్వొద్దు" అంది ఆమె. "గాలి వదలండి. హా అనండి."

"హా."

"ఇంకోసారి. నన్ను చూస్తూ."

"నిన్నా?"

"అవును. ఇక్కడ చూడండి." ఆమె తన నోటివైపు వేలు చూపించింది. "నేను ఈ అంటాను, మీరూ అనండి. తర్వాత హా. మా ఇంట్లో రోజూ చేస్తాం."

"ఈ" అంది. కుడివైపు పెదవి చెంపదాకా సాగింది. ఎడమవైపు ఉన్నచోటే ఉంది. నాలుగు నెలల్లో ఇంటి బయట ఎవరి ముందూ ఆమె ఆ పని చేయలేదు. కండక్టరు చూశాడు. తల తిప్పుకోవడానికి వీల్లేనంత దగ్గరలో ఉన్నాడు.

"ఈ" అన్నాడు.

"హా."

"హా, హా."

ఇద్దరూ పాఠం అప్పజెప్పే పిల్లల్లా చేశారు. నాలుగుసార్లు, ఐదుసార్లు ఏమీ జరగలేదు. ఆరోసారి ఆయన "హా" మధ్యలో విరిగి కీచుమంది. ఆ చప్పుడుకు ఆయనే ఉలిక్కిపడ్డాడు. ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. ఆమె ముఖం సగం లేచి, సగం లేవక ఊగుతుంటే ఆయనకు భుజాలు కదలడం మొదలైంది. ఇక ఆగలేదు. కుర్చీ చేతులు పట్టుకుని, మైనం పళ్ళు పడిపోతాయన్న భయంతో నోరు పైకెత్తి నవ్వాడు. ఆ భయం చూసి ఆమె ఇంకా నవ్వింది. చేతిలో అద్దం పట్టుకుని నిలబడ్డ డాక్టరు గోడవైపు తిరిగాడు గానీ ఆయన వీపు కూడా ఊగుతూనే ఉంది.

"కదలకండి, కదలకండి" అంటూ ఆమె నవ్వుతూనే కత్తి మొనతో పెదవి అంచు వెంట మైనం మీద సన్నగా గీత గీసింది. మధ్యన ఒక చుక్క పెట్టింది. అదే ఆయన నవ్వు. పొద్దుటి నుంచి చేసిన రెండింటికీ దీనికీ పోలికే లేదు.

డాక్టరు మైనం తీసి, గీతను వెలుతురులో పెట్టి చూశాడు. "ఇదీ" అన్నాడు. చేతులు కడుక్కునే నెపంతో కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు కడుక్కున్నాడు.

బోసినోటితో కండక్టరు పదేళ్ళు ముసలివాడిలా ఉన్నాడు. "ఆ రోజు నేను చూసుకోలేదమ్మా" అన్నాడు.

"ఏమిటి?"

"నువ్వున్నావని."

"నేను లేకపోతే చెప్పొచ్చా?"

ఆయన ఒడిలో తన పాత సెట్టును అటూ ఇటూ తిప్పాడు.

"చెప్పకూడదు" అన్నాడు చివరికి. "అసలు ఆ బస్సూ లేదు, ఆ ఆవిడా లేదు. నేనే కల్పించాను. జనం నవ్వుతుంటే నా నోటివంక చూడరు కదా, ఆ అలవాటు నాకు." తర్వాత అడిగాడు. "ఇందాక మనం దేనికి నవ్వాం?"

"దేనికీ లేదండీ."

"ఒట్టిగానే?"

"ఒట్టిగానే."

"ఈ మాట మాస్టారికి చెప్పాలి" అన్నాడు కండక్టరు. "పాపం, ఈల జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడట."

శుక్రవారం ఉదయం ఆమె వచ్చేసరికి స్టూలు ముందుగదిలోనే, కుర్చీ పక్కనే ఉంది. డాక్టరు దాన్ని లోపల పెట్టించలేదు. దాని గురించి మాట్లాడనూ లేదు. "పన్నెండింటికి ఒకాయన వస్తున్నాడు. మీరు చూస్తారుగా" అన్నాడు అంతే.

ఆమె పదిహేడో నంబరు సెట్టును అచ్చులోంచి తీసి, అంచులు అరగదీసి, మెత్తటి రాతిపొడితో గంటసేపు మెరుగు పెట్టింది.

*

శనివారం ఆమె అత్తగారిని వెంటబెట్టుకుని పార్కుకు వెళ్ళింది. ఆవిడే వస్తానంది. కండక్టరు కొత్త పళ్ళతో అందరికంటే ముందే వచ్చి ఉన్నాడు. "స" పలికినప్పుడల్లా సన్నగా ఈల వస్తోంది.

"వారంలో సర్దుకుంటుంది" అంది పళ్ళమ్మ.

"తొందరేం లేదు. మాస్టారికి సాయంగా ఉంటుంది" అన్నాడాయన.

అత్తగారు ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వేనా కండక్టరువి?"

"నేనేనమ్మా."

"ఊఁ" అని ఆవిడ వెళ్ళి ఆయన పక్కనే నిలబడింది. ఎందుకోగాని కండక్టరు ఒక అడుగు సర్దుకున్నాడు.

మాస్టారు గుండ్రంగా నిలబడమని ఈల ఊదాడు. తర్వాత ఏం చేయాలో తెలియక పళ్ళమ్మ వైపు చూశాడు. జోకు లేకుండా నవ్వడమేమిటని ఆయనకు నమ్మకం కుదరలేదు. ఎవరైనా చూస్తే పిచ్చివాళ్ళనుకుంటారని బ్యాంకు గుమాస్తా చుట్టూ చూస్తున్నాడు.

"మీరు డ్రిల్లే చేయించండి మాస్టారూ" అంది ఆమె. "ఊపిరి లోపలికి. వదిలేటప్పుడు హా. చప్పట్లు కొడుతూ. ఎవరి పాదాలు వాళ్ళు చూసుకోకూడదు, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి."

డ్రిల్లు అనగానే ఆయన ఛాతీ విరుచుకున్నాడు. "ఒకటి" అంటే చప్పట్లు. "రెండు" అంటే "హా, హా." మొదట అది కట్టెలు కొడుతున్నట్టు ఉంది. చేతులు రెండూ చప్పట్లకే సరిపోతున్నాయి గనుక పళ్ళమ్మ నోటికి అడ్డం పెట్టుకోవడానికి ఏ చెయ్యీ మిగల్లేదు. పోస్టుమాస్టరు టోపీ జారిపోతుంటే తీసి జేబులో దోపుకున్నాడు. టైలరక్క ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడమంటే బ్యాంకు గుమాస్తాను గుచ్చిగుచ్చి చూసింది. ఆయన ముందు తట్టుకోలేకపోయాడు. ఆయన నుంచి అక్కకు, అక్క నుంచి అత్తగారికి పాకింది. అత్తగారు మొదలుపెడితే ఇక చెప్పేదేముంది. ఆవిడ నడుం పట్టుకుని ఊగిపోతుంటే కండక్టరు కొత్త పళ్ళు పూర్తిగా బయటపెట్టి, ఏ వేలూ అడ్డం లేకుండా నవ్వాడు. పై పెదవి ఎక్కడిదాకా లేస్తోందో పళ్ళమ్మ చూసింది. గీత గీసిన చోటికే లేచింది.

"ఒకటి" అన్నాడు మాస్టారు. ఎవరూ వినలేదు. "ఒకటి" అన్నాడు మళ్ళీ. "రెండు" అనబోయాడు, గొంతు జారింది. మూడు వారాలుగా మధ్యలో నిలబడి అందరినీ నవ్వించి, తాను మాత్రం టైము చూసుకున్న మనిషి. ఆయన నోట్లో ఈల తనంతట తానే చిన్న చిన్న కూతలు వేసింది. దాన్ని తీసేసి, పచ్చగడ్డి మీద కూలబడి, రెండు కాళ్ళూ చాపి నవ్వాడు. గుండెనొప్పి మనిషి కదా అని పళ్ళమ్మ గబగబా దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుంది. ఆయన ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపాడు. ముఖం ఎర్రబడి, కళ్ళనీళ్ళు కారుతున్నా ఊపిరి హాయిగా ఆడుతోంది.

నడకకు వచ్చినవాళ్ళు ఒకరిద్దరు ఆగారు. చేతిలో సంచీతో ఒకాయన దగ్గరికి వచ్చాడు. ఆయన పెదవులు అప్పటికే సాగుతున్నాయి.

"ఏం జోకండీ? మాకూ చెప్పండి."

అలవాటు ప్రకారం అందరూ కండక్టరు వైపు తిరిగారు.

"జోకేం లేదు సార్" అన్నాడాయన. "సార్" దగ్గర పళ్ళు ఈల వేశాయి. "ఆ సంచీ పక్కన పెట్టి రండి."

ఆయన నిజంగానే సంచీ బెంచీ మీద పెట్టి వచ్చాడు.

ఎండ గడ్డిమీదికి వచ్చాక ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. ఎవరికీ వెళ్ళాలని లేదు. టైలరక్క ఇంకా పక్కటెముకలు పట్టుకునే ఉంది.

"రేపు ఆదివారం, సెలవే కదా మాస్టారూ?" అని అడిగింది.

మాస్టారు ప్యాంటుకు అంటిన గడ్డి దులుపుకుంటూ ఆగాడు. "సెలవెందుకు? జోకులు కూడబెట్టుకుంటారని కదా ఆదివారం సెలవు పెట్టింది" అన్నాడు. "ఇంక దేనికి సెలవు?"

పళ్ళమ్మ అత్తగారి చెయ్యి పట్టుకుని గేటువైపు నడిచింది. పదింటికి ముందుగదిలోకి ఒకావిడ వస్తుంది. రెండేళ్ళుగా పళ్ళు లేవట, ఎవరి ముందూ నోరు తెరవదట. ఆవిడను ఎదురుగా కూర్చోబెట్టుకోవాలి. తొందరపెట్టకుండా, ముందు గాలి వదలమనాలి.